మా అమ్మ అడిగిన మూడో భాగం

మా అన్న ఫోన్ చేసినప్పుడు నేను గుడ్డ మీద నెమలి మెడకు నీలం రంగు వేస్తున్నాను. పెళ్ళయి శ్రీకాళహస్తికి వచ్చినప్పటి నుంచీ కలంకారీయే నా పని. కలం చేతిలో ఉండగా నేను ఫోన్ ఎత్తనని మావాళ్ళందరికీ తెలుసు. అయినా ఆగకుండా మోగుతూనే ఉంటే, ఏదో జరిగిందనుకుని ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాను.

"పాపా, మనం సేను పంచుకోవాల," అన్నాడు అన్న.

నీలం చుక్క ఒకటి నెమలి కాలి మీద పడింది.

"ఏమైందినా? వదినకు నా మీద ఏమన్నా కోపమా?"

"కోపమూ లేదు, పాడూ లేదు. మామిడి సెట్లకు డ్రిప్పు ఏపించుకోవాల. దానికొచ్చిన తిప్పలు ఇవి."

సంగతి ఇది. పుత్తూరుకు దగ్గర్లోని మా పల్లెలో మాకు మూడెకరాల చిల్లర భూమి ఉంది. రోడ్డు వైపు మామిడితోట, మధ్యలో బావి, బావి చుట్టూ చెనక్కాయో వరో వేసుకునే కయ్యలు, చివర గుట్టను ఆనుకుని రాళ్ళనేల. అంతా కలిపి ఒకే సర్వే నంబరు, ఒకే పట్టా, మా నాయన పేరు మీద. నాయన పోయాక కూడా ఆ పేరును మేమెవరమూ కదిలించలేదు. సేద్యం అన్న చూసుకుంటున్నాడు. ఆ భూమి ఎవరిది అనే మాట మా మధ్య ఎప్పుడూ రాలేదు.

డ్రిప్పు కోసం అన్న అర్జీ పెట్టుకుంటే, పాసుపుస్తకం చూసిన ఆఫీసరు, పట్టాదారు స్వయంగా వచ్చి వేలిముద్ర వెయ్యాలన్నాడట.

"ఆయన రాలేడు సార్," అన్నాడట అన్న.

"ఎందుకు రాలేడు? కాళ్ళనొప్పులా? పరవాలేదు, ఆయన ఉండే చోటికి మేమే వస్తాం."

"వద్దు సార్, మీది ఇంకా చిన్నవయసు," అన్నాడట.

అది చెప్పి అన్న నవ్వాడు. నేనూ నవ్వాను. నాయన పోయిన తరువాత ఆయన ప్రస్తావన వచ్చి మేము కళ్ళు తుడుచుకోకుండా నవ్వుకోవడం అదే మొదటిసారి.

"ఇంతకూ నన్నేం సెయ్యమంటావు? వచ్చి సంతకం పెడతాలే, అంతా నీ పేరుకు మార్పించుకో," అన్నాను.

అన్నకు ఠక్కున కోపం వచ్చింది. "ఏం, నువ్వు నాయన కూతురివి గాదా? సగం నీది. నీ సగం నీ పేరుతో ఉండాల. దున్నేది నేనే దున్నతాలే, అది వేరే మాట."

అలా ఫోన్లోనే మేమిద్దరం భూమిని రెండు చేసేశాం. అమ్మ అన్న దగ్గరే ఉంటుంది. తాను వదులుకుంటున్నట్టు అమ్మ ఒక ముద్ర వేస్తే పని జరిగిపోతుందని ఎవరో చెప్పారు, మేమూ అట్లాగే అనుకున్నాం. అమ్మను ఒక మాట అడగాలని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

అన్న మా ఊరి సచివాలయంలో దరఖాస్తు ఇచ్చాడు. ఒక నంబరును విడగొట్టాలంటే సర్వేయరు వచ్చి కొలవాలి. కొలిచే ముందు చుట్టూ ఉన్న చేలవాళ్ళకు నోటీసులు ఇవ్వాలి. ఆ నోటీసులు అందిన పొద్దే ఊరంతా పాకిపోయింది, మేము భాగాలకు దిగామని.

మా వైపు ఆ మాటకు బరువెక్కువ. భాగాలు అంటే గొడవ జరిగిందనే లెక్క. గొడవ లేకుండా పంచుకుంటున్నామంటే నమ్మేవాళ్ళు ఒక్కరూ దొరకలేదు. సూళ్లూరుపేటలో ఉండే మా పిన్ని ఫోన్ చేసి, "ఒకే అన్న, ఒకే సెల్లి. మీకేమొచ్చింది మ్మే?" అని ఏడ్చింది. డ్రిప్పు కోసం పిన్నీ అంటే, "డ్రిప్పు కోసం తోడబుట్టినోళ్ళు విడిపోతారా?" అని ఇంకా గట్టిగా ఏడ్చింది. మా ఆయన అయితే నన్ను ఏమీ అడగకుండా, జ్వరం వచ్చిన మనిషిని చూసుకున్నట్టు చూసుకోవడం మొదలుపెట్టాడు. పొద్దున్నే కాఫీ కూడా ఆయనే పెట్టి ఇచ్చాడు. చివరికి ఒకరోజు గొంతు తగ్గించి, "మీ అన్నతో నేను మాట్లాడేదా?" అన్నాడు. కాఫీ చాలా బాగుండడంతో, గొడవేమీ లేదన్న సంగతి ఆ మరుసటి రోజు చెప్పాను.

కొలతల రోజు చలికి శాలువా కప్పుకుని మొదటి బస్సుకే బయలుదేరాను. చేను చేరేసరికి మామిడిచెట్ల కింద ఇస్త్రీ చొక్కాలు కనిపించాయి. ఊరి పెద్దమనుషులు నలుగురైదుగురు మాకు మధ్యస్తం చెయ్యడానికి పొద్దున్నే వచ్చి కూర్చున్నారు. వాళ్ళకు పెద్ద, మాకు ఉత్తరం వైపు చేను ఉన్న మామ. చుట్టం కాదు, వరసకు మామ అంటాం. మా అమ్మ ఆయన్ను అన్నా అని పిలుస్తుంది.

"రామ్మా రా," అన్నాడు మామ, పరామర్శకు వచ్చిన గొంతుతో. "ఏముండినా కూసోని మాట్లాడుకుంటే పోతాది. కోర్టుల దంకా పోవద్దండి."

"కోర్టు యాడిది మామా? నేనూ అన్నా బాగానే ఉండాం."

"ఉంటారు, ఉంటారు. పైకి అట్లే ఉంటారు," అని తల ఊపాడు.

అప్పుడే అన్న బావి వైపు నుంచి వచ్చి, "పాపా, యాళకొచ్చినావు. మీ వదిన ఈడ్నే పొయ్యి పెట్టి నాటుకోడి పులుసు సేస్తా ఉండాది. సంగటికి పిండి సాలదంట, రవ్వంత ఇంటికి పోయి తెస్తావా?" అన్నాడు. మామ మొహం చూడాలి ఆ నిమిషంలో. ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. పనిలేకుండా పోయిందని పెద్దమనుషులకు కొంచెం దిగులు కలిగినట్టే ఉంది. కానీ పొయ్యి మీద నుంచి వాసన వస్తూ ఉండడం వల్ల ఎవరూ లేచి వెళ్ళలేదు.

సర్వేయరు ఒక చిన్న వయసు అమ్మాయి. స్కూటీ మీద వచ్చింది. స్కూటీకి అడ్డంగా కట్టిన పొడుగాటి కర్రను విప్పి, దాని కొనకు బోర్లించిన గిన్నె లాంటి యంత్రాన్ని బిగించింది.

"గొలుసు యాడమ్మా?" అన్నాడు మామ.

"గొలుసు పని లేదు పెద్దాయనా. ఇది ఆకాశంలో ఉండే ఉపగ్రహాలను చూసి కొలుస్తాది."

మామ చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశాడు. "మబ్బు పట్టిందే, కనపడతాయా?"

"కనపడతాయి," అని నవ్వి ఆ పిల్ల పనిలో దిగింది. కర్రను హద్దు మీద నిలబెట్టడం, అది కూత పెట్టేదాకా ఆగడం, మళ్ళీ నాలుగడుగులు వెయ్యడం. వెనకాల అన్న, అన్న వెనకాల నేను, మా వెనకాల పెద్దమనుషులు. ఎవరి చేను వచ్చినప్పుడు వాళ్ళు, ఔను, ఈ గట్టే గెనిమ, అని ఒప్పుకున్నారు. మామ తన హద్దు దగ్గర గట్టుమీద నిలబడి ఫోటో తియ్యమన్నాడు. చుట్టూ తిరిగి వచ్చేసరికి ఎండ నెత్తికెక్కింది.

సర్వేయరమ్మాయి చెట్టు నీడలో కూర్చుని, చేతిలో ట్యాబు తెరిచి అడిగింది. "బయటి హద్దులన్నీ సరిపోయినాయి. ఇప్పుడు లోపల గీతలు గీయాల. ఎన్ని భాగాలు?"

"రెండు," అన్నాడు అన్న.

"రెండు," అన్నాను నేను.

"మూడు," అంది అమ్మ.

అమ్మ ఇంకో చెట్టు కింద అనపకాయలు ఒలుస్తోంది. తల కూడా ఎత్తలేదు.

"మూడేంది మా?" అన్నాడు అన్న.

"మీ నాయనకు నువ్వొకడివి, పాప ఒకతి, నేనొకతిని. మూడు గాదా?"

సర్వేయరమ్మాయి మా కాగితాలు ఒకసారి చూసుకుంది. "వారసులు ముగ్గురే. అవ్వ వదులుకుంటే రెండు భాగాలు. లేదంటే మూడు. ఏమంటావు అవ్వా?"

"వదులుకోను," అంది అమ్మ, అనపగింజలు చాటలోకి రాలుస్తూ.

పెద్దమనుషుల్లో కదలిక వచ్చింది. మామ కండువా దులిపి భుజం మీద వేసుకుని దగ్గరికి జరిగాడు. పొద్దుటి నుంచీ ఎదురుచూసిన గొడవ ఇప్పటికి దొరికిందన్న ఉత్సాహం ఆయన నడకలోనే తెలుస్తోంది.

అన్న మొహం మాత్రం వాడిపోయింది. "నీకేం తక్కువ సేసినా మా?"

"ఏం తక్కువ సెయ్యలా."

"మరెందుకు?"

"నాకు కావాల."

"ఊర్లో ఏమంటారు? కన్నతల్లిని వేరు బెట్టినాడంటారు." అన్న మామ వైపు తిరిగాడు. "సెప్పు మామా, అంటారా, అనరా?"

మామ అబద్ధం చెప్పే మనిషి కాదు. "అంటారబ్బా. నేనైతే అందును," అన్నాడు.

"అంటే అనుకో అనా. మొగంమీదనే అను," అంది అమ్మ. చాట పక్కన పెట్టి, ఒళ్ళో పడిన తొక్కలు దులుపుకుని అన్న వైపు చూసింది. "ఇట్లా సూడు నాయనా. నేను ఈ ఇంటికొచ్చేనాటికి ఆ గుట్టవార అంతా రాళ్ళే. మీ నాయన గునపంతో పెకలిస్తా ఉంటే, నేను గంపకెత్తి మోసి ఆ కట్ట పోసినా. అబ్బుడు నువ్వు నా కడుపులో ఉండావు. పని అయినాక మీ నాయన ఏమన్న్యాడో తెలుసునా? 'మ్మేయ్, ఇది నీ కయ్య' అన్న్యాడు. ఆ పొద్దు నుంచి ఆడ పంట పోతే సాలు, 'నీ కయ్యలో ఏమీ పండలే' అని ఎగతాళి. పండితే మాత్రం 'మన కయ్య' అనేవాడు."

అందరూ నవ్వారు. సర్వేయరమ్మాయి ట్యాబు అడ్డం పెట్టుకుని నవ్వింది. అన్న నవ్వలేదు.

"తోట నాకొద్దు. బావి కాడ కయ్యలూ వద్దు. ఆ రాళ్ళ కయ్యే కావాల. నేనుండే వరకు నా పేరు మీద ఉండనీ. తర్వాత మీరే తీసుకోండి. మీ నాయన ఉన్నన్నాళ్ళూ ఆయన పేరు, రేపు నీ పేరు. మధ్యలో నా పేరు యాడన్నా ఉండాదా సెప్పు?"

అంతలో పొయ్యి దగ్గర నుంచి మా వదిన గొంతు వినిపించింది. "అత్త అడిగేది న్యాయమే."

ఆ మాట మా అందరినీ అమ్మ మాటకన్నా ఎక్కువ ఆశ్చర్యపరిచింది. మా అమ్మా, మా వదినా పెళ్ళయిన నాటి నుంచీ ఒక విషయంలో కూడా ఒక్క మాట మీద ఉన్నవాళ్ళు కాదు. పులుసులో చింతపండు ఎంత పడాలి అన్న దగ్గర మొదలైన వాదన ఇంకా తెగలేదు. అలాంటిది వదిన సంగటి తెడ్డు చేత్తోనే పట్టుకుని వచ్చి అమ్మ పక్కన నిలబడింది.

"ఏం, తప్పా?" అంది అన్నతో. "పొద్దన లేసింది మొదలు మేం గూడా ఈ సేన్లోనే గదా ఉండేది. అత్త అడిగినందుకే ఇట్లా మొగం ముడుసుకుంటే, రేపు నేనడిగితే ఏం సేస్తావు?"

"మీరిద్దరూ ఎబ్బుడు మాట్లాడుకున్నారు?" అన్నాడు అన్న నోరు తెరిచి.

"మాట్లాడుకోలే," అంది అమ్మ. కోడలి వైపు ఆమె కూడా కొత్తగా చూస్తోంది. "దాని మనసులో ఈ మాట ఉండాదని నాకూ ఇబ్బుడే తెలిసింది."

అన్న పెద్ద పెద్ద అడుగులు వేసుకుంటూ బావి దగ్గరికి వెళ్ళి మోటారు వేశాడు. తొట్టి గట్టు మీద కూర్చుని నీళ్ళలో కాళ్ళు పెట్టుకున్నాడు. చిన్నప్పటి నుంచీ అలిగితే వాడికి అదే చోటు. నేను లేవబోతే అమ్మ చెయ్యి చూపించి ఆపింది. తనే మెల్లగా నడిచి వెళ్ళి, చీర కుచ్చిళ్ళు పైకెత్తి దోపుకుని, వాడి పక్కనే కూర్చుని తనూ నీళ్ళలో కాళ్ళు పెట్టింది.

మోటారు చప్పుడులో వాళ్ళ మాటలు మాకు వినపడలేదు. మామ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని చాలా ప్రయత్నం చేశాడు. అమ్మ ఏదో చెబుతోంది, అన్న తల అడ్డంగా ఊపుతున్నాడు. కాసేపటికి నిలువుగా ఊపాడు. తరువాత ఇద్దరూ ఒకేసారి పగలబడి నవ్వారు. ఏమందో సాయంత్రం నన్ను బస్సెక్కించడానికి వచ్చినప్పుడు అన్న చెప్పాడు. "ఒరే, నేను తినేది నీ ఇంట్లోనే, పడుకునేది నీ ఇంట్లోనే. ఈ పొద్దు నుంచి నా కయ్యను నీకు గుత్తకిస్తా. సక్కంగా సేద్యం సెయ్యకుంటే మాత్రం మీ మామకు మార్చేస్తా," అందట.

అన్న మోటారు కట్టేసి వచ్చి సర్వేయరమ్మాయితో, "మూడు గీయండమ్మా," అన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పెదాల మీద నవ్వు ఉంది.

అయితే పని అక్కడితో తెగలేదు. ఆ పిల్ల ట్యాబులో అమ్మ కయ్యను అడ్డంగా విడదీసి, మిగిలినదాన్ని రోడ్డు నుంచి నిలువుగా మా ఇద్దరికీ గీసి చూసి, "అవ్వ కయ్య ఆ చివర, రోడ్డు ఈ చివర. ఆడికి పోవడానికి దావ చూపించాల. ట్రాక్టరు పట్టేంత దావ ఎవరి భాగంలో వదలమంటారు?" అంది.

"నా దాంట్లో," అన్నాడు అన్న.

"నా దాంట్లో వదలండి," అన్నాను నేను. "నేనేమన్నా సేద్యం సేస్తానా?"

"నువ్వు ఊరికే ఉండు పాపా. ఆడబిడ్డ నేల తగ్గించి దావ వేసినాడన్న మాట నాకొద్దు."

"అమ్మకు దావ ఇచ్చే పుణ్యమంతా నీకేనా?"

మా గొంతులు పెరిగాయి. నిజంగానే పెరిగాయి. నవ్వుతూ మొదలుపెట్టింది కాస్తా చివరికి ఒకరి మాట ఒకరు వినకుండా అరుచుకునేదాకా వచ్చింది. ఆ రోజు మొత్తానికి మాకు జరిగిన గొడవ అదొక్కటే. మామ కండువా సర్దుకుని మా మధ్యకు వచ్చాడు. రెండు చేతులూ చాచి, మమ్మల్ని చెరో పక్కకు జరిపి, గొంతు సవరించుకున్నాడు.

"ఇద్దరూ నోరు ముయ్యండి. మీ ఇద్దరి మధ్య వచ్చే గీత ఉండాదే, దాని మీదనే దావ. ఈ పక్క సగం, ఆ పక్క సగం. బావి ముగ్గురిదీ. నీళ్ళకు ఎవురూ ఎవుర్నీ అడ్డం పెట్టకూడదు. అట్లే రాసుకో పాపా," అన్నాడు సర్వేయరమ్మాయితో.

అంతకన్నా మంచి తీర్పు ఎవరూ చెప్పలేరు. మామ తిరిగి వచ్చి కూర్చుంటే మిగిలిన పెద్దమనుషులు ఆయనకు చోటు చేసిన తీరు చూస్తే, ఆయన ఇస్త్రీ చొక్కా వృథా పోలేదని తెలిసింది.

గీతలు పడిన చోట సర్వేయరమ్మాయి ఎర్ర రంగుతో గుర్తులు పెట్టింది. అన్న గుంతలు తవ్వి రాళ్ళు పాతాడు. అమ్మ కయ్య మూల రాయి పాతినప్పుడు ఆమె అన్నను పక్కకు జరగమని చెప్పి, ఆ రాయి మీద కూర్చుని ఇటూ అటూ కదిలి చూసింది. అది కదల్లేదు. "సరిగ్గా ఉండాది," అని లేచింది.

అందరం తోటలో భోజనానికి బంతి కట్టి కూర్చున్నాం. అమ్మ మొదటి ముద్ద సర్వేయరమ్మాయికే పెట్టింది. డ్యూటీలో తినకూడదని ఆ పిల్ల అంటే, "నువ్వు కొలిసేది అయిపోయిందంటివే, డ్యూటీ యాడుండాది?" అంది అమ్మ. నాటుకోడి పులుసులో చింతపండు ఎక్కువైందని మాత్రం ఆ రోజు ఆమె అనలేదు.

ఆ తరువాత పంపకాల దస్తావేజు రిజిస్టరు చెయ్యాలి. ఈలోగా అమ్మ శ్రీకాళహస్తికి వచ్చి నా దగ్గర కొన్నాళ్ళు ఉంది. వచ్చిన మరుసటి రోజే, "నాకు పేరు రాసేది నేర్పీ," అంది. వేలిముద్ర వేస్తే చాలమ్మా అంటే వినలేదు. పెన్ను ఆమె చేతిలో నిలవలేదు, జారిపోయింది. నా వెదురు కలం లావుగా ఉంటుంది, గుడ్డ చుట్టి ఉంటుంది. అది చేతికిస్తే కొడవలి పిడి పట్టుకున్నట్టు గట్టిగా పట్టుకుంది. రంగులు పరీక్షించే పాత గుడ్డముక్కల మీద రాయడం మొదలుపెట్టింది. మొదట్లో అక్షరాలు ఒక్కొక్కటి ఒక్కో దిక్కుకు నడిచాయి. చివరి అక్షరం కిందికి జారిపోయేది. మా ఆయన కూడా పక్కన కూర్చుని, "అత్తా, దాన్ని రవ్వంత పైకి లాగు," అని నేర్పేవాడు. ఇంట్లో ఉన్న గుడ్డముక్కలన్నిటి మీదా మా అమ్మ పేరు నల్లగా ఆరింది. ఒకదాంట్లో పేరు పక్కనే ఒక చిలక కూడా వేసింది. అది చిలక అని ఆమె చెప్పాకే నాకు తెలిసింది.

రిజిస్ట్రేషన్ రోజు పుత్తూరు ఆఫీసుకు అమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చింది. సంతకం దాకా రానే లేదు, వేలిముద్ర యంత్రం దగ్గరే బండి ఆగింది. దస్తావేజు పనికి వేలిముద్ర కూడా తప్పదు. అమ్మ బొటనవేలు పెడితే ఎర్ర దీపం. చూపుడువేలు పెడితే ఎర్ర దీపం. ఒక్కొక్క వేలూ పెట్టించాడు అక్కడి గుమాస్తా. యంత్రానికి ఒక్క గీత కూడా కనపడలేదు.

"అవ్వా, ఏం పని సేసినావు, వేళ్ళన్నీ నున్నగా అరిగిపోయినాయే?" అన్నాడతను.

"రాళ్ళేరినా నాయనా," అంది అమ్మ.

వరుసలో వెనకాల ఉన్నవాళ్ళు తలా ఒక సలహా ఇచ్చారు. సబ్బుతో కడగమని ఒకరు, కొబ్బరినూనె రాయమని ఇంకొకరు. అన్న పరిగెత్తి నూనె తెచ్చాడు. ఎండలో కాసేపు నిలబడితే వేళ్ళు పదునెక్కుతాయని ఇంకెవరో అంటే, అమ్మను బయటికి తీసుకొచ్చి రోడ్డు పక్కన నిలబెట్టాం. నూనె రాసిన చెయ్యి చీరకు తగలకుండా అన్న ఒక పక్కా నేనొక పక్కా పట్టుకుని ఉంటే, ఒక ఆటో వచ్చి ఆగింది.

"పాపం, విరిగిందా అవ్వకు? కట్టు కట్టే చోటికేనా? ఎక్కండి," అన్నాడు డ్రైవరు. విరిగిన ఎముకలకు కట్టు కట్టడంలో పేరుపడ్డ పుత్తూరుకు, చెయ్యి పట్టుకుని నిలబడినవాళ్ళు ఇంకెందుకు వస్తారని అతని లెక్క. ఎముకల కట్టుకు వచ్చేవాళ్ళతోనే అతని బేరం.

"విరగలేదప్పా," అంది అమ్మ. "దీనికి గీతలు మొలవాలంట. మొలిపించే చోటు ఏదన్నా ఉంటే సెప్పు, పోదాం."

మేము లోపలికి తిరిగి వెళ్ళేదాకా నవ్వుతూనే ఉన్నాం. ఈసారి ఎడమచేతి చిటికెనవేలు పెట్టగానే పచ్చ దీపం వెలిగింది. రాళ్ళ గంప మోసేటప్పుడు ఆ వేలికి పని పడలేదేమో. వరుసలో ఉన్నవాళ్ళంతా, ముక్కూ మొహం తెలియనివాళ్ళు, మా కంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. తరువాత సంతకం. గుమాస్తా ముద్ర కోసం సిరా డబ్బా తెరవబోతే అమ్మ వద్దని చెయ్యి ఊపి, పెన్ను అడిగి తీసుకుంది. వంగి, నాలుక కొన పళ్ళ మధ్య పెట్టుకుని, ఒక్కొక్క అక్షరం రాసింది. చివరి అక్షరం జారబోతుంటే పైకి లాగి నిలబెట్టింది. నేను చాలా బొమ్మలు గీసి అమ్మాను. ఆ సంతకం ఆరే వరకు చూసినట్టు నా చేత్తో గీసిన ఏ గీతనూ నేను చూడలేదు.

కొన్నాళ్ళకు మూడు నంబర్లు, మూడు పాసుపుస్తకాలు వచ్చాయి. అన్న తోటకు డ్రిప్పు పైపులు వచ్చాయి. కొత్త పైపులు చూడటానికి వచ్చిన ఆఫీసరును అమ్మ గుట్టవారకు కూడా నడిపించుకుపోయింది. అక్కడ పైపులేమీ లేవు గదా అని ఆయన అంటే, "పైపులు లేకుంటే మానె, కయ్య ఉండాది, రాండి," అందట. వదిన కూడా అన్న వెంట పడి, తోటలో ఒక వరస చెట్లు తన పేరుకు రాయాలంటోంది. అన్న ఇంకా సరే అనలేదు, కాదనే ధైర్యమూ చెయ్యడం లేదు. నా భాగం కయ్యల్లో ఏం వెయ్యాలో నాకింకా తేలలేదు. గెనిమ వెంబడి నా రంగు పనికి నీలిమొక్కలు నాలుగు నాటాను. అవి బతికాయి.

వానలు వచ్చాక అమ్మ తన కయ్యలో ఉలవలు చల్లించింది. గుత్తదారు మా అన్నే. ఎప్పుడు దున్నాలో, ఎప్పుడు చల్లాలో ఆమె గట్టు మీద నిలబడి చెబితే, వాడు "సరే మా, సరే మా," అంటూ ట్రాక్టరు తిప్పాడట. పంట చేతికొచ్చినాక చాట చాటగా చెరిగి, మాకు అని ఇంత, అన్నకు అని ఇంత తీసి పెట్టింది. తీసుకోవడానికి నేను వెళ్ళాను. నా సంచిలో పోస్తుంటే అన్న చూసి, "అమా, పాపకు జాస్తి పోస్తా ఉండావు," అన్నాడు.

"నా కయ్యలో గింజలు, నా ఇష్టం," అంది అమ్మ, ఇంకో చాట నిండా ముంచుతూ.

ఆ సంచి మోసుకుని బస్సు దిగేసరికి నా భుజం పట్టేసింది. వారం పొడుగునా మా ఇంట్లో ఉలవచారు కాగుతూనే ఉంది.